ఎత్తుడు ధర

మొదట రాసిన నియమం మరీ బలంగా వచ్చింది:
ఎవరి మనసైనా, ఎంత దూరానైనా, ఎన్నిసార్లైనా.
ఖాజావలి చదివి పలకని వెనక్కి తోశాడు.
"ఇదుంటే ఆట పది నిమిషాల్లో అయిపోద్ది.
దొంగెవడో తెలిసిపోయాక
ఇంటికెళ్ళి పడుకోడమే గదా."

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు, నా డీటీపీ షాపు.
షట్టరు సగం దించి నలుగురం.
పాత్రకో పలక.
మూల విరిగి ఎగుమతికి పనికిరానివి
బస్తా లెక్కన తెచ్చిపెట్టుకున్నాం.
ఆయువు తగ్గినప్పుడల్లా
ఉమ్ముతో కాదు, తడిగుడ్డతోనే తుడవాలని
సలోమి మొదటిరోజే చట్టం చేసింది.

పాచిక కూడా ఇక్కడి రాయే.
బాలచెన్నయ్య, నలభయ్యేళ్ళు పలకలు కోసిన చెయ్యి,
ఇరవై ముఖాలు చెక్కిచ్చి అన్నాడు:
"పొరల రాయి అబ్బాయా, సమంగా పడదు.
ఒకపక్కకి మొగ్గుద్ది.
ఆ మొగ్గేందో కనిపెట్టుకుని ఆడుకోండి."
ఏడు ఎక్కువ పడుతుంది.
అందుకే మూడు చందమామల మా గనుల గ్రహం మీద
ఏడంటే అందరికీ గుబులు.

పేర్ల దగ్గర ఒక రాత్రంతా పోయింది.
నేను దూరశ్రవణం అంటే
"పదో తరగతి వాచకమా?" అన్నాడు కాశీనాథ్.
చివరికి
మనసు వినడం లోవిను,
రాబోయేది చూడడం ముందెరుక,
చెయ్యి తగలకుండా కదిలించడం,
ఉత్తినే, ఎత్తుడు.

తర్వాత ధరలు.
లోవినుకి కేకదూరమే హద్దు.
ఒకరి తలపు విన్నందుకు
నీ పలక మీంచి నీ జ్ఞాపకం ఒకటి చెరపాలి.
ఏది చెరుపుతావో నీ ఇష్టం,
చెరిపాక అదేంటో మేం గుర్తుచెయ్యం.
ముందెరుక మూడు నిమిషాలు, అంతే.
"వెలిగొండ నీళ్ళెప్పుడొస్తాయో చూడొచ్చా?"
"అంత దూరానికి ఏ పాచికా చాలదు."
నవ్వి నవ్వి ఖాజావలి టీ ఒలకబోసి
రెండు పాత్రల్ని చంపేశాడు.

ఎత్తుడు సులువనుకున్నాను.
బరువు కొద్దీ ధర:
గిద్దెడు బియ్యానికి ఒకటి,
గ్యాసుబండకి ఆరు,
గ్రానైటు దిమ్మెకి ప్రాణం.
సలోమి బళ్ళోలా చెయ్యెత్తింది.
"కంటికి కనపడనిదైతే? ఒక రేణువు?"
"దానికి ధరేముంది," అన్నాను, ఆలోచించకుండా.
"ఒక్కోటిగా లక్ష రేణువులైతే?
ఒక మనిషి ఊపిరితిత్తుల్లోంచి?"

వాళ్ళ నాన్న దావీదు దగ్గు
ఈ వీధిలో లోవిను లేకుండానే
అందరికీ వినపడుతుంది.

ఇలాంటి కంతల్ని ఎట్లా పూడ్చాలో నాకు తెలుసు.
"ప్రాణమున్నదాని లోపలికి ఎత్తుడు పోదు."
ఒక్క వాక్యం.
బలపం పలక మీద ఆనించాను కూడా.
ఆ పలక ఏ షెడ్డులో కోశారో,
అప్పుడు రంపం పక్కన ముక్కుకి గుడ్డ లేకుండా
నిలబడింది ఎవరో.

ఖాజావలే అన్నాడు, మెల్లగా:
"తీసిన దుమ్ము యాడికో పోవాలి గదా.
మాయమైతే అది మంత్రం. మనది సైన్సు."
"తీసినోళ్ళ రొమ్ములోకి," అంది సలోమి.
"నేను తీసుకుంటా."
"ఒక్కదానివల్ల కాదులే,"
కాశీనాథ్ తన పలక జరిపి
ఆమె పలక అంచుకి ఆనించాడు.
ఖాజావలి టీ మరకల పలక ఇటుపక్క.
పంచుకునే శక్తి గురించి
నా నోటుపుస్తకంలో ఎక్కడా లేదు.

ఆట నడిపేవాడికి పలకుండదు.
అది నేను రాసిన నియమమే.
బస్తాలో చెయ్యిపెట్టి ఒకటి లాగాను,
రెండు మూలల్లేవు దానికి.
తుడిచేలోపే సలోమి పాచిక వేసింది.

ఏడు.

ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.
టైము పన్నెండూ ఇరవై.
నలుగురు కలిసి ఎత్తినప్పుడు ఏడు పడితే
ఏమవుతుందో
ఆ రాత్రి మేం రాయలేదు.