మినిట్స్‌లో రాయనివి

అష్టబ్యులా.
ఊరి పేరులో అష్ట ముందే ఉంది,
కష్టాలు మేం జతచేసుకున్నాం
అని నాలో నేను నవ్వుకుంటే
ఏమిటని అడిగాడు డ్వైట్ పెరోటి.
ఆ ముక్క ఇంగ్లీషులోకి దిగదు.

ఓడిపోయిన నాలుగోవారం.
యూనియన్ హాలు కింది గదిలో పదకొండుమందిమి.
డ్వైట్ ముప్ఫైరెండు కుర్చీలు వేశాడు.
మిగిలినవి తీసెయ్యమని ఎవరూ అనలేదు.

మినిట్స్ రాసేది నేను.
ఒకటో అంశం, హాలు అద్దె బాకీ.
రెండోది, మిగిలిపోయిన బోర్డులు
నాలుగు వందల పది, ఎవరి గరాజ్‌లో పెట్టాలి.
మూడోది, వచ్చేసారి అధ్యక్ష పదవికి
మన అభ్యర్థిని ఎలా ఎంచుకోవాలి?
రాష్ట్ర కమిటీ అభిప్రాయం పంపమంది,
ఒక్క పేజీ దాటకుండా.

ముందు అందరూ మద్దెల మీద పడ్డారు.
ప్రకటనలు ఆలస్యమయ్యాయి,
డబ్బంతా వేరే రాష్ట్రాలకి పోయింది,
పోలింగ్ రోజు సరస్సు మీంచి వాన కొట్టింది.
ఆట సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాత పేర్లు.
ఒక గవర్నరు. ఒక రిటైరైన జనరల్.
టీవీలో వంటచేసే ఆయన.
"గెలిచేవాడు కావాలి, అంతే!"
డ్వైట్ కాఫీ కప్పుతో బల్లని కొట్టాడు.

పోయినసారీ అదే కొలబద్ద.
మనసైన మనిషిని పక్కనపెట్టి
పక్కింటివాడికి నచ్చుతాడనుకున్నవాణ్ణి తెచ్చాం.
పక్కింటివాడి నాలుకని ఊహించుకుని
ఉప్పు తగ్గించాం, కారం తగ్గించాం.
వాణ్ణి మాత్రం భోజనానికి పిలవలేదు.

ఇది నేను పైకి అనలేదు.
రాసే చెయ్యి మాట్లాడకూడదని
ఒక నియమం పెట్టుకున్నాను.
పిరికితనానికి అది పెట్టుడు పేరు.

యాదియెల్ ఒర్తిస్‌కి పంతొమ్మిదేళ్ళు.
"అన్ని రాష్ట్రాలకీ ఒకే రోజు ఓటు పెట్టండి,
మన వంతు వచ్చేసరికి సగంమంది లేచిపోతారు,
ఎంగిలి విస్తట్లో మనల్ని ఏరుకోమంటారు."
వాడి గొంతు వణికింది.
అది రాశాను, ఎంగిలి తీసేసి.

అప్పుడు ఐలి కోస్కినెన్ అల్లిక ఆపింది.
ఎనభై ఒకటి. నలభై ఏళ్ళుగా
ఈ కౌంటీలో ఆవిడ తట్టని తలుపు లేదు.
"మా ఆయన అవతలివాళ్ళకి వేశాడు" అంది.

హీటర్ ఒక్కటే చప్పుడు చేస్తోంది.

"ఎందుకని అడిగావా?" అన్నాడు డ్వైట్.
"లేదు. నిజం చెప్తాడని భయమేసింది."

ఊలు ఉండ ఒళ్ళోంచి జారి
ఖాళీ కుర్చీల కిందికి దొర్లిపోయింది.
ఎవరూ వంగలేదు.

"పోటీకొచ్చే ప్రతివాళ్ళనీ
ఒక పూట మా వంటింట్లో కూచోబెట్టండి.
ఉపన్యాసాలొద్దు.
ఆయనకి చెవుడు, మాట నిదానం,
మిల్లు మూతపడిన దగ్గర్నించి ఎత్తుకుంటాడు.
కాఫీ చల్లారిపోయేదాకా
అడ్డురాకుండా ఎవరు వింటే వాళ్ళని నిలబెట్టండి.
గెలుస్తారని చెప్పను.
ఓడినా నాకు సిగ్గుండదు."

"ఇదెలా పంపుతాం పైకి?" అన్నాడు డ్వైట్,
కోపంగా కాదు.
రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.
చివరికి పేజీలో మిగిలింది:
మూడో అంశంపై విస్తృత చర్చ జరిగినది.

బయట మంచు అడ్డంగా కురుస్తోంది.
అరవై బోర్డులు నా కారెక్కాయి.
ఐలి ఆరు అడిగి తీసుకుంది.
పేరున్న అట్ట పీకేస్తుందట,
ఇనప కాళ్ళు బఠాణీ తీగకి పనికొస్తాయి.

ఆవిణ్ణి ఇంటి ముందు దింపబోయాను.
వంటింట్లో లైటు వెలుగుతోంది.
కిటికీలో ముసలాయన వీపు,
బల్ల మీద రెండు కప్పులు.

ఐలి సీటుబెల్టు తియ్యలేదు.
నేను ఇంజను ఆపలేదు.
వైపర్లు
అటు, ఇటు.