ఇంటిపేరు: కోస్తా

కవరు మీద అడ్రసు రెండే మాటలు:
పోస్టుమాస్టరు, దుగరాజపట్నం.
ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టి
సగం పేరే మిగిలిన మా ఆఫీసు దాకా
అది ఎట్లా వచ్చిందో
డిపార్టుమెంటుకే తెలియాలి.

రాసినావిడ పేరు హెస్టర్. ఊరు కేప్‌టౌన్.
మూడున్నర వందల ఏళ్ళ కిందట
వలందావాళ్ళ ఓడ దిగి
ఆ కొండల కింద ద్రాక్షతోట వేసిన ఒక వడ్రంగికి
పన్నెండో తరం మనవరాలు.

వడ్రంగి సంగతంతా దొరికిందట.
పుట్టిన వీధి, బాప్తిస్మం తేదీ,
పోయేనాటికి ఇంట్లో ఉన్న చెంచాల లెక్క.
అతని ఏడుగురు పిల్లల్ని కన్న మనిషికి మాత్రం
దస్తరంలో ఒక్కటే వరస:
సంగి. ఇంటిపేరు, కోస్తా. ధర, నలభై.
నలభై ఏమిటో
సిరా చెదిరిపోయింది.

"కోస్తా అంటే మీ తీరమేనట,
పులికాటుకు పైన.
మీ జాబుల్లో ఎప్పుడైనా
ఈ పేరు తగిలిందా?"

ముందు నవ్వొచ్చింది.
నాకు తగిలేవి బ్యాంకు నోటీసులు,
రొయ్యలగుంటల బాకీ తాఖీదులు.
అయినా ఆ పేరు ఆ రాత్రి
చేపముల్లులా నాలుక కింద తిరిగింది.

ఆదివారం సూళ్ళూరుపేట మీదుగా
పులికాటు పోయి చూశా.
వలందావాళ్ళ సమాధుల గేటుకు
అటొక ఎముకలబొమ్మ, ఇటొక ఎముకలబొమ్మ.
అక్షరాలు ఎంత లోతుగా చెక్కారంటే
ఒక దాంట్లో తొండ పడుకుని ఉంది.
ఓడ ఎక్కిన వాళ్ళ పేర్లు అక్కడెందుకుంటాయి?
నాకే బుద్ధి లేదు.
ఒక సోడా తాగి తిరిగొచ్చా.

తూపిలిపాలెంలో పింఛన్లు పంచేరోజు
పామంజి చెంగమ్మతో మాటవరసకు అన్నా.
వేలిముద్ర వేయబోతూ ఆగింది.

"సంగి ఏంది సామీ, చెంగి అయ్యుంటాది.
పేట తల్లి పేరు.
మా పల్లెలో గడపకొక చెంగి.
చ పలకని నోరెవుడిదో రాసుకున్నాడు."

నీలిసిరా బొటనవేలు కొంగుకు తుడుచుకుని
చాలాసేపు సముద్రం దిక్కు చూసి అడిగింది:
"నలభై ఏంది? శేర్లా, తూములా?"

కరువని నేను చెప్పలేదు.
గింజలని నేను చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున
తాళం తీయకముందే మెట్ల మీద కూర్చోనుంది.
ఒళ్ళో యూరియా సంచి ముక్కతో కుట్టిన మూట.
"నలభై గుప్పిళ్ళు.
నా గుప్పిలి చిన్నది, అందుకని
పైన రెండు ఎక్కువ ఏసినా.
ఇయ్యి వాళ్ళకి పంపి
పిల్లను మళ్ళీ ఇమ్మని రాయి."

ఆమె పరాచికమాడుతోందేమోనని
మొహం వంక చూశా. లేదు.

నూకలు. కడిగి ఆరబోసిన నూకలు.
తక్కెడలో పెడితే
కేజీన్నర మీద ఇరవై గ్రాములు.
విదేశాలకు పంపకూడని వాటి జాబితా
నా వెనక గోడకే అంటించి ఉంది,
ఆరో నంబరు: ధాన్యం, విత్తనాలు.
ముప్పై ఏళ్ళుగా ఎంతమందికో
వేలుపెట్టి చూపించిన నేనే
ఆమెకు చదివి వినిపించా.

"గింజలు పోగూడదా?" అంది.
"పోగూడదు."
"ఓహో" అంది.
చెప్పులేసుకుని వెళ్ళిపోయింది,
మూట తీసుకోకుండా.

హెస్టర్ గారికి,
అని రాసి తేదీ వేశా.
తర్వాతి వాక్యం మూడు రకాలుగా రాసి కొట్టేశా.
మూట స్టాంపుల బీరువాలో ఉంది,
చీమలు పట్టకుండా చుట్టూ
గమేక్సిన్ గీత గీశా.
సాయంత్రం సంచీ కట్టేటప్పుడు
రోజూ ఒకసారి తూస్తాను.
తగ్గలేదు.