చెరువు అడుగు కనిపించే రోజులు

ఏడాదిలో రెండుసార్లు, వారం చొప్పున
ఈ చెరువు ఏమీ కాదు.
అద్దమూ కాదు, నీరూ కాదు.
బుడాపెస్ట్ నడిబొడ్డున కడిగి బోర్లించడం మరిచిన పళ్ళెంలా
సిమెంటు అడుగు బయటపెట్టుకుని పడుంటుంది.
ఆ రోజుల్లోనే నాకు చాకిరీ ఎక్కువ.

మిగతా ఏడాది నా బతుకు రెండు ముక్కలు.
చలికాలం స్కేట్లకు పదును పెడతాను;
సానరాయి తిరుగుతుంటే రవ్వలు
చొక్కా చేతుల మీద రాలి చల్లారతాయి.
వేసవికి అదే గదిలోంచి పడవలు అద్దెకిస్తాను.
పదిహేడో నంబరు కారుతుంది.
తెలిసే, దాన్ని ప్రేమికులకిస్తాను,
వాళ్ళు ఎటూ కాళ్ళకింద చూసుకోరు.

ఒడ్డున కోట బురుజులు
అన్నీ చూసి ఏమీ ఎరగనట్టుంటాయి.
రోడ్డుకు ఆ పక్క స్నానశాలలో
ఛాతీలోతు వేడినీళ్ళలో నిలబడి
బెనెదెక్ చదరంగం ఆడుతుంటాడు.
అతని బట్టతల మీద వాలిన మంచు
వాలినట్టే కరిగిపోతుంది.
గుర్రాన్ని కదపడానికి పావుగంట,
ఓటమి ఒప్పుకోడానికి రెప్పపాటు.

ఆకులు రాలే కాలంలో
చెస్ట్‌నట్ కాయలు నెత్తిన టపటపా పడుతున్నా
పరిగెత్తేవాళ్ళు ఆగరు.
వాళ్ళ పేర్లు తెలియవు నాకు, అడుగుల చప్పుళ్ళు తెలుసు:
కుడికాలు కాస్త ఈడ్చే పోస్టుమాన్,
చంటివాణ్ణి బండిలో తోస్తూ పరుగుతీసే తల్లి.
ఆ చంటివాడు, జోంబోర్, ఇప్పుడు
చెట్లకింద రాతిబల్ల మీద
పింగ్‌పాంగ్‌లో నన్ను ఓడిస్తాడు.
ఓడించి జాలిపడతాడు.
అదే నాకు కిట్టదు.

మార్చి. మరలు ఆపేశాం.
మంచు ముందు చెమర్చింది,
తర్వాత బూడిదరంగుకు తిరిగింది,
ఒక రాత్రి చడీచప్పుడు లేకుండా
గొట్టాల్లోకి దిగిపోయింది.
తెల్లారి చీపురు పట్టుకుని నేనూ దిగాను.
జతలేని గ్లౌజులు తొమ్మిది,
ఎవరి ఇంటిదో తాళంచెవి, ఒక కట్టుడు పన్ను,
నవంబరులో నా కళ్ళుగప్పిన ఐస్‌క్రీం చెంచా.

అప్పుడొచ్చింది ఎటెల్కా.
ఎనభై ఒకటో ఏడు. తుంటిలో ఉక్కు. చేతిలో కర్ర.
అరవై చలికాలాలు, బడిపిల్లల గుంపులు రాకముందే
ఒంటరిగా మూడు చుట్లు తిరిగి
టోపీ సర్దుకుని వెళ్ళిపోయే మనిషి.
ఈ చలికాలం రాలేదు.
"దిగొచ్చా?" అంది.
"రూలు ఒప్పుకోదు" అన్నాను.
అప్పటికే సగం మెట్లు దిగేసింది.

నడిచింది.
ఇన్నేళ్ళూ జారుతూ దాటిన దూరాన్ని
మొదటిసారి అడుగులతో కొలిచింది.
నడిమధ్యన ఆగి, కర్రతో నేల తట్టి,
"ఇంతేనా లోతు?"
"నడుం దాకా."
"ఓసి! పడ్డానంటే పాతాళానికే అని
చిన్నప్పుడంతా మా అన్న నన్ను హడలగొట్టాడు."
ఆ నవ్వు గోడలకు తగిలి
ఖాళీ చెరువులో చాలాసేపు తిరిగింది,
బయటికి దారి దొరకనట్టు.

వెళ్తూ సంచిలోంచి స్కేట్లు తీసి బల్లమీద పెట్టింది.
"పదును పెట్టు."
నా చూపు ఆమె తుంటి మీదికి పోయింది.
"వేసుకోన్లే. మొద్దుబారిన వస్తువు
ఇంట్లో ఉంటే నాకు నిద్రపట్టదు."

సోమవారం నీళ్ళు వదిలాం.
ముందొక తడిమరక, తర్వాత మడుగు,
మధ్యాహ్నానికి బురుజులు తలకిందులుగా నిలబడ్డాయి.
కర్ర తట్టిన చోటు అన్నిటికన్నా ఆఖర్న మునిగింది,
లేదా నాకలా అనిపించింది.
పదిహేడో నంబరుకు మళ్ళీ తారు పూశాను.
మళ్ళీ కారుతుంది.

జూన్ ఇప్పుడు.
ఎటెల్కా స్కేట్లు కొక్కేనికి వేలాడుతున్నాయి,
చీటీ మీద ఆమె పేరు. డబ్బులు ముందే ఇచ్చేసింది.
తలుపు తీసినప్పుడల్లా గాలికి
ఒకదాన్నొకటి ముట్టుకుని సన్నగా మోగుతాయి.
పడవ కోసం వచ్చిన కుర్రాడొకడు
ఇంత ఎండలో ఇవెవరివని అడిగాడు.
"తీసుకెళ్ళడానికొస్తుంది" అన్నాను.
"ముందు నువ్వు ఆ తెడ్డు తిన్నగా పట్టుకో."