రాళ్లేరే పొద్దు

విమానం కిరసనాయిలు తాగుతాదంటే
మా అమ్మ నమ్మలేదు.
"మరి వత్తి యాడుంటాదిరా?" అనింది.
అరవై నాలుగు, నా మొదటి సెలవు.
బేతంచెర్ల స్టేషన్లో దిగి ఇంటికొస్తే
నా చొక్కా వాసన పట్టి
పక్కింటి హుసేనమ్మ అనుకుందంట,
పిల్లోడికి నూనె డిపోలో పని దొరికిందని.

వత్తి ఉంటాదమ్మా, కడుపులో.
తొమ్మిది గొట్టాలు గుండ్రంగా పేర్చి
తొమ్మిదింట్లో తొమ్మిది మంటలు.
తూటా పేల్చి నిద్ర లేపుతాం దాన్ని.
మొదట దగ్గు. తర్వాత మూలుగు.
ఆ తర్వాత మన చెవులు మనవి కావు.

నా ఎడమ చెవి తిరిగి రాలేదు.
కోడలు పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తా.
ఆ చెవిని సీహాక్ తినింది.

పని లేనప్పుడు రెక్కలు పైకి మడుచుకొని
మొక్కుతున్నట్టు నిలబడేది అది, ఓడ మీద.
ఎగిరొచ్చిన ప్రతిసారీ దానికి స్నానం,
మంచినీళ్లతో, ఉప్పు పోయేదాకా.
మాకేమో సముద్రం నీళ్లు,
సబ్బు నురగ రాదు, ఒళ్లంతా జిగట.
గొట్టం పట్టి రెక్క కడుగుతుంటే
మా వీధి చేదబావి గుర్తొచ్చేది,
అడుగున బురద, పైన బిందెల కొట్లాట.
కుంజప్పన్‌కు చెబితే నవ్వినాడు.
వాళ్ల ఊళ్లో వాన వద్దన్నా ఆగదంట.

తెల్లారి మొదటి పని రాళ్లేరడం.
డెక్ ఈ అంచు నుంచి ఆ అంచుకు
భుజం భుజం ఆనించి వరసగా,
తల వంచుకొని, ఒక్కో అడుగే.
సీల, తీగ ముక్క, తెగిన గుండీ.
ముంగిట్లో చేట ఒళ్లో పెట్టుకొని
మా అమ్మ బియ్యం బాగు చేసినట్టే.
అక్కడ పంటి కింద పడితే తిట్టి ఊస్తాం.
ఈ నోరు ఊయదు.
టోపీ మింగుతాది, గుడ్డపేలిక మింగుతాది,
మరిచి ముందుకు పోతే మనిషిని కూడా.

మా నాయన గనిలో బండలు లేపేవాడు.
మా ఊళ్లో రాయంటే కూడు.
గోడ రాయి, మిద్దె రాయి,
ఎండాకాలం పండుకునే అరుగు రాయి.
అక్కడ శనగ్గింజంత రాయికి
పెద్దాఫీసరు ముఖం పాలిపోయేది.

రెండో సెలవు నుంచి పోయిన వారానికి
మూడో నంబరు ఇంజను కట్టేసి తిప్పుతుంటే
కీచుమనింది.
విప్పినాం. లోపల రేకుల అంచులు
ఎలుక కొరికిన రొట్టె మాదిరి.
అందరినీ నిలబెట్టినారు.
జేబులు తిరగేసి చూపించినాం,
కుంజప్పన్, షిండే, నేను.
బూట్లు ఎవరూ చూడమనలేదు.

రాత్రి, అందరూ పండుకున్నాక,
నా బూటు తిప్పినా.
మడమ కాడ చీలికలో
తేనెరంగు రాతి తునక.
ఆ రంగు ఆ ఓడలో నాకొక్కడికే తెలుసు.
గోరుతో పెకలించినా.
దాని పక్కనే ఇంకో గుంట,
అంతే ఉంటాది,
ఖాళీగా.

ఆ మధ్యాన్నం దాన్ని ఎగరేయాల్సింది
లెఫ్టినెంట్ మిస్త్రీ.
మర్నాడు నాకు సిగరెట్టిచ్చి
నీ చేతులు మంచివి మద్దిలేటీ, అన్నాడు.
సిగరెట్టు తాగినా. దగ్గొచ్చింది.
నోరు తెరిచినా, ఇంకేం రాలేదు.

తునక సముద్రంలో వేసినా.
అంత నీళ్లలో మా ఊరిది అదొక్కటే.

ఇప్పుడు పాలిష్ ఫ్యాక్టరీల సందులో
తెల్ల బురద దాటుకుంటా టీకి పోతా.
అడుగు తీసి అడుగేస్తే రాయే.
యాడని ఏరేది?
అయినా తల వంచే నడుస్తా.
వయసుకు నడుం వంగిందంటారు చూసినోళ్లు.
గడప కాడ రెండు చెప్పులూ తిప్పి దులుపుతా,
చాదస్తమంటాది కోడలు.
బడి పిల్లోళ్లు మాత్రం అడుగుతారు,
"తాతా, ఏం పోగొట్టుకున్యావు?"

ఎడమ చెవి వాళ్ల వైపు పెట్టి
పోతా ఉంటా.