మూడో పలక

రెండు వేల నూట నలభై మీటర్ల లోతు నుంచి
గుడ్డసంచిలో వచ్చింది బురదరాయి,
పిడికెడు.
సంచి మీద పెన్సిల్ రాత: బావి నంబరు, లోతు, తేదీ,
కింద రాత్రి డ్యూటీ మనిషి సంతకం, పితాని అబ్బులు.
వాన పడి తేదీలో ఆరు సున్నా అయింది.

యాసిడ్‌లో రాయి కరిగిపోయింది.
కరగనిది గాజుబిళ్ళ మీద మిగిలింది.
నరసాపురంలో, వశిష్ఠ వైపు కిటికీ ఉన్న లాబ్‌లో
ఎనిమిది నెలలుగా నేను వంగి చూసి రాస్తున్నది దీని గురించే.

"కోశం గుండ్రన. నడుం దగ్గర కాస్త నొక్కు.
అడ్డం అరవై మైక్రాన్లు."
అంటే నా తలవెంట్రుక మందం.
జీవి కూడా కాదది, జీవి నిద్రపోయిన గది.
నీళ్ళు పడనప్పుడు చుట్టూ గోడ కట్టుకుని
అడుక్కి దిగి పడుకునేది.
మంచికాలం వచ్చాక
వీపు వైపు, నడికట్టుకు పైన, మూడో పలక తోసుకుని
ఈదుకుంటూ పోయేది.
మాకు దొరికేది ఖాళీ చేసిన ఇల్లు.
తలుపు ఎక్కడ తెరుచుకుందో చూసి
ఏ ప్రజాతో చెబుతాం.

"ముళ్ళు కొసల్లో చీలి, వలలా కలుస్తాయి.
కొన్నిటిలో కలవవు. ఒకే జాతిలోని తేడా కావచ్చు."
ఆ కావచ్చు మీద మూడు వారాలు కూచున్నాను.
మాలో అది కుర్చీ లాంటి మాట,
అలిసినవాళ్ళ కోసం వేసి ఉంటుంది.

నేను అద్దెకున్న ఇంటి సువార్తమ్మ లేసు అల్లుతుంది.
డజను పువ్వులకి ఇంత అని ఏజెంటు ఇస్తాడు.
ఎంతో రాయను, ఆవిడకి ఇష్టం ఉండదు.
ఒక సాయంత్రం ఫొటోలు అరుగు మీద పరిచి
కరెంటు పోయిందని నేను విసుక్కుంటుంటే
కొక్కెం సూది చెవి వెనక దోపుకుని
ఒక్కొక్కటీ ఆకాశానికేసి పట్టి చూసింది.

"ఎవరల్లేరండీ ఇయ్యి?"
ఎవరూ అల్లలేదండీ, సముద్రంలోవి. ఐదు కోట్ల ఏళ్ళవి.
"ఆయ్. ఎన్నేళ్ళయితే ఏంటండీ, ఒక చెయ్యి పని కాదిది."
ఏడు ఇటు పెట్టింది. నాలుగు అటు.
"ఈవిడ గొలుసు తిప్పి కన్ను మూసేసిందండీ.
ఆవిడ మూసినట్టే వచ్చి వదిలేసింది."
తప్పు పోయిందేమో అన్నాను.
"తప్పయితే ఒక చోట ఉంటది.
ఇది కన్ను కన్నుకీ ఉంది. అలవాటండీ, ఆవిడికి."

మర్నాడు పొద్దున్నుంచి కళ్ళు లెక్కపెట్టాను.
ఆ నాలుగింటిలోనూ
ప్రతి ముల్లూ పక్కదాన్ని అందుకోబోయి
ఆగిపోయింది.
కావచ్చు కొట్టేశాను.

నాలుగింటిలో ఒకదాన్ని ఎంచి
దాని చుట్టూ సిరాతో సున్నా చుట్టాను.
ఇక జాతి పేరంతా అదే మోయాలి,
జెల్లీ ఎండినా, గాలిబుడగ ఎక్కినా,
దానికంటే అందమైనది రేపు దొరికినా.

పేరు లాటిన్‌లో ఉండాలన్నది నియమం.
సువార్తే అని రాశాను.
ఆ చివరి ఏత్వానికి అక్కడ "ఆవిడది" అని అర్థం.
మన దగ్గర "అదే, ఇంకొకటి కాదు" అని.
రెండూ సరిపోయాయి.
చెబితే అడిగింది: "పురుగాండీ?"
కాదండీ.
"పోనీ చేపా?"
కాదండీ.
"సర్లెండి," అని దారం తెంపింది,
"డజను ఎంతకి పోతాయంట?"

పన్నెండోది ఒకటుంది.
మూడో పలక చుట్టూ అతుకు గీత సన్నగా కనిపిస్తుంది,
పలక మాత్రం ఊడలేదు. లోపల గోధుమరంగు మరక.
మంచికాలం దానిదాకా రాలేదో,
వచ్చి పిలిస్తే వినపడలేదో.
తెరుచుకోని తలుపుని ఏ ప్రజాతిలోనూ కలపలేం.
ఆ సాయంత్రం సువార్తమ్మ కూడా ఆ ఫొటో
ఇటూ పెట్టలేదు, అటూ పెట్టలేదు,
చీకటి పడేదాకా ఒళ్ళో ఉంచుకుంది.

కిటికీలో వశిష్ఠ ఎర్రగా పోతోంది,
అంతర్వేది వైపు,
అడుక్కి దిగి పడుకున్నవాటి మీదికి
ఇంత మన్ను మోసుకుంటూ.
పట్టికలో చివరి గడి నింపాను:
నిర్ధారించనిది, ఒకటి.