పదో పిన్ను

ఇరవై ఆరేళ్లుగా నేను ఈ ఆటని వెనక నుంచే చూశాను,
పిన్నులు నిలబెట్టే యంత్రాల వెనక,
గ్రీజు, దుమ్ము, తెగిన బెల్టుల మధ్య.
ముందు వైపు మనుషులు కేకలేస్తారు, గంతులేస్తారు.
నాకు కనిపించేది మోకాళ్ల దాకానే,
అదీ వంగి చూస్తే.

లొరేన్ కూబియాక్ మంగళవారం పొద్దున్నే వచ్చేది,
మస్కీగన్ రోడ్ల మీద రాత్రంతా మంచు తోసి,
కళ్ల కింద ఆ నలుపుతోనే.
జనవరి మొదటివారం అడిగింది:
"పదోది ఒక్కటే పెట్టు, హార్లన్. తక్కినవి నాకొద్దు."

మా యంత్రాలు పాతవి.
పెడితే పదీ పెడతాయి, లేదంటే మొండికేస్తాయి.
కాబట్టి నేనే చేత్తో పెట్టాలి,
పద్నాలుగో లేను వెనక నడుం వంచి,
కుడి మూల, గటరు అంచున,
కిరీటం బొమ్మ ఆమె వైపుండేలా
ఆ ఒక్క పిన్ను.
చివరి బంతిలో ఒంటరిగా కూర్చున్న చుట్టంలా ఉండేది అది,
వడ్డించేవాళ్లు వస్తారో రారో తెలియక.

నలభై బంతులు వేసింది ఆ రోజు.
తొమ్మిది తగిలాయి.
మిగతావన్నీ ఆఖరి క్షణంలో
ఎడమకి తల తిప్పుకుని వెళ్లిపోయాయి.
ఆమె మణికట్టుకి ఓ పాత మెలిక ఉంది,
మొగుడు నేర్పిందట, ఆ మొగుడు పోయినా అది పోలేదు.
పది పిన్నులున్నప్పుడు ఆ మెలికే ఆమె బలం.
ఈ ఒక్కదాని దగ్గరికొచ్చేసరికి
దారి తప్పించేదీ అదే.

పై వారం నీలం రంగు ప్లాస్టిక్ బంతి కొనుక్కొచ్చింది,
ముక్కుసూటిగా పోయే రకం.
అదీ వంగింది.
"బంతిది కాదన్నమాట తప్పు" అంది,
నాతో కాదు.

తర్వాత ఒక్కోవారం ఒక్కటే పట్టుకుంది.
ఓ వారం కాళ్లు.
ఓ వారం బొటనవేలు.
ఫిబ్రవరిలో ఓ రోజంతా
పిన్ను వైపు చూడనే లేదు.
చెక్క మీద మూడో బాణం గుర్తులోనే కళ్లు పాతి,
బంతి వదిలి, తల ఎత్తకుండా అడిగేది:
"తగిలిందా?"
"లేదు."
"తగిలిందా?"
"లేదు. వేలెడు దూరం."
"ఏ పక్క?"
"ఎడమ."
అరవై అడుగుల చెక్క మీదుగా
మా ఇద్దరి మాటలూ అంతే.
కట్టుకున్నదానితో కూడా నేనెప్పుడూ
ఇన్ని నిజాలు వరసగా చెప్పి ఎరగను.

పదిహేడు. మళ్లీ పద్నాలుగు. పదహారు.
ఒక మంగళవారం పదకొండుకి పడిపోయి
బూట్లు విప్పకుండానే వెళ్లిపోయింది.
ఆ రోజు పిన్నుని దీపం కింద తిప్పి చూశాను.
పొట్ట మీద నీలం గీతలు:
ముందటివన్నీ ఎడమ అంచున, గోటితో గీకినట్టు సన్నగా.
కొత్తవి కాస్త లోపలికి జరిగాయి.
ఆమెకి చెబుదామనుకున్నాను.
ఆ మాట యంత్రం వెనకే ఉండిపోయింది.
సరస్సు మీద మంచు పగిలే నాటికి
గీతలు కిరీటం మీదికొచ్చాయి.
నలభైకి ముప్పై నాలుగు.

గురువారం రాత్రి లీగు ఆట, ఆఖరి ఫ్రేము.
నేను ఆరో లేనులో ఇరుక్కున్న బంతి లాగుతున్నాను.
ఆమెకి ఏం మిగిలిందో ఎవరూ చెప్పలేదు నాకు.
హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగితే తెలిసింది.
నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది.
కుడి చెవి అటు తిప్పాను.
బంతి దొర్లింది, వంకర లేని చప్పుడు,
గుడ్డ చింపినట్టు ఒకే తీరుగా.
తర్వాత ఒక్క దెబ్బ.
ఒక్క పిన్ను పక్కగోడని కొట్టుకున్న మోత.
చేతిలో రెంచితో
"తగిలింది" అన్నాను,
ఎవరూ అడక్కుండానే.

ఓడిపోయారు లెండి. నాలుగు పిన్నుల తేడా.
డాటీ వేసిన గటరు బంతికి ఎవరేం చేస్తారు?

మంగళవారం పొద్దున తలుపు తోసుకొచ్చింది,
బూట్లకి బురద, చేతిలో కాఫీ రెండు కప్పులు.
ఒకటి కౌంటరు మీద నా వైపు జరిపి,
"ఇవాళ ఏడోది పెట్టు" అంది.

ఏడోది ఎడమ మూల.
నా నడుముకి అటు వంగే అలవాటు లేదు.
నేర్చుకుంటుందిలే.