ముడుల లెక్క

టార్టులో మంచు ఇంకా కరగని మార్చి.
"ఈ సరస్సు లోతెంత?" అన్నారు ఉర్మాస్ సార్.
ముప్పై ఎనిమిది మీటర్లు,
తడుముకోకుండా చెప్పాను.
మూడు సైట్లు ఒకే మాట అంటుంటే
ఇంకా అనుమానమెందుకు?

మైరిత్ నవ్వింది:
మూడింట్లోనూ ఊరి పేరులో
అదే అచ్చుతప్పు, చూశావా?

శనివారం మంచుగడ్డకి బెజ్జం పెట్టి
మీటరుకో ముడేసిన తాడు వదిలాం.
పదమూడో ముడి దగ్గర
వదులైంది.

ఆ రాత్రే పాత అంకె చెరిపి
పదమూడని నేనే ఎక్కించాను.

ఈ ఏడు జూనియర్ ఒకడు
తడుముకోకుండా అంటున్నాడు: పదమూడు.
ఎలా తెలుసని అడగబోయి
ఆగాను.

మేం తవ్వింది నడిమధ్యేనా?
కొంకర్లు పోయిన చేతులతో
ఆ రోజు ముడులు లెక్కపెట్టింది
మైరితా, నేనా?